వామింట ఎవరి చుట్టం?

ఆదొండ ముళ్లతీగ, కంచెల మీదికి ఎగబాకుతుంది. వామింట చేనిగట్టున వానలకు మొలిచి, కాయ కాసి, నాలుగు నెలలు తిరక్కుండానే ఎండిపోతుంది. పైకి పోలికే కనిపించని ఈ రెండింటినీ వృక్షశాస్త్రం చాలాకాలం ఒకే కుటుంబంలో ఉంచింది.

నిజానికి మొదట అవి విడివిడిగానే ఉండేవి. 1753లో ‘స్పీషీస్ ప్లాంటారమ్’ రాసిన లిన్నేయస్ ప్రధానంగా కేసరాల లెక్కతో మొక్కలకు తరగతులు కట్టాడు. ఆదొండ ప్రజాతి కప్పారిస్‌కు కేసరాలు గుత్తులుగా ఉంటాయి, కనుక అది బహుకేసరాల తరగతిలో చేరింది. వామింటకు ఆరే. అందువల్ల క్లియోమ్ ప్రజాతి ఆవమొక్కల తరగతికి వెళ్లింది. జిగురు నూగు పట్టిన కుక్కవామింటకు ఆరుకు మించి కేసరాలున్నా దాన్ని కూడా లిన్నేయస్ అక్కడే ఉంచాడు. తన లెక్కను తానే దాటిన ఆ చూపు మెచ్చుకోదగ్గది.

1789లో ఫ్రాన్స్‌లో జుస్సియు ఈ పద్ధతిని పక్కనపెట్టాడు. ఒక్క అవయవాన్ని లెక్కించడం చాలదు, లక్షణాలన్నీ తూచి చూడాలన్నాడు. నాలుగు రేకలు, పువ్వు మధ్యనుంచి పైకి లేచిన కాడ, దాని కొనన అండాశయం: ఈ పోలికలున్న కప్పారిస్, క్లియోమ్ ఆయన చేతిలో ఒకే కుటుంబమయ్యాయి. ఉలిమిరి పువ్వులోనూ ఆ కాడ స్పష్టంగా కనిపిస్తుంది. వామింటలో మాత్రం కేసరాలు కూడా ఆ కాడనెక్కి కూర్చుంటాయి. ఈ విశేషం చూసే 1824లో ద కాండోల్ దానికోసం గైనాండ్రాప్సిస్ అనే కొత్త ప్రజాతి పెట్టాడు.

అప్పటికే సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేస్తూ, వాటి తెలుగు పేర్లనూ రాసిపెట్టాడు. పేర్లు పెట్టడంలో పల్లె జనానిదీ పదునైన చూపే: వామింట, కుక్కవామింట అన్న జంట పేర్లలోనే వాటి చుట్టరికం ఉంది. శాస్త్రీయ నామాలకు అంత నిలకడ దొరకలేదు. ఆదొండే ఒకప్పుడు కప్పారిస్ హోరిడా, ఇప్పుడు కప్పారిస్ జైలానికా. సింధు నది నుంచి పసిఫిక్ దాకా పెరిగే కప్పారిస్ జాతులన్నిటినీ 1965లో జేకబ్స్ ఒకచోట పరిశీలించాక ఇలాంటి చిక్కులు చాలావరకు విడిపోయాయి.

కుటుంబం సంగతి తేలడానికి ఇంకా సమయం పట్టింది. ఆవమొక్కలు ఈ కుటుంబం లోపలినుంచే పుట్టాయని 1994లో జడ్, శాండర్స్, డొనాహ్యూ వాదించారు. 1998లో వచ్చిన కొత్త వర్గీకరణ అన్నిటినీ కలిపి ఆవ కుటుంబంలో వేసింది. 2002లో హాల్, సైట్స్మా, ఇల్టిస్ హరితరేణువుల డీఎన్ఏ చదివి చూస్తే, వామింటకు ఆదొండ కన్నా ఆవమొక్కే దగ్గరి చుట్టమని తేలింది. 2009 వర్గీకరణ వీటిని మూడు కుటుంబాలుగా విడదీసింది.

ఇప్పుడు ఆదొండ, ఉలిమిరి, భూచక్రగడ్డ తీగ ఒక కుటుంబం, వామింటలు మరొకటి. గట్టున కుక్కవామింట కనిపిస్తే ఎండిన కాయ విప్పి చూడండి. గింజలు ఆవగింజల్లా సన్నగా ఉంటాయి. కానీ ఆవమొక్క కాయను రెండు గదులుగా చీల్చే పల్చటి పొర అందులో ఉండదు.