ఏడు చేపలు, ఒక మేకపిల్ల

యూదులు పస్కా రాత్రి చివర్న పిల్లలతో పాడే 'హద్ గద్యా' ఒక గొలుసు పాట. నాన్న కొన్న మేకపిల్లను పిల్లి తింటుంది, పిల్లిని కుక్క కరుస్తుంది, కుక్కను కర్ర కొడుతుంది. అలా పైపైకి పోయి మృత్యుదూతను దేవుడు చంపడంతో పాట ఆగుతుంది. 1590 నాటి ప్రాగ్ అచ్చుప్రతిలో ఉన్న ఈ పాటను 1919లో కీవ్‌లో ఎల్ లిసిట్స్కీ బొమ్మల పుస్తకం చేశాడు. ఉక్రెయిన్‌లో యూదుల ఊచకోతలు జరుగుతున్న రోజులవి. దెబ్బలు తింటున్న జాతి తన పాటను తనే బొమ్మకట్టి పిల్లల చేతికిచ్చింది.

మనకి ఏడు చేపల కథ ఉంది. ఇందులో గొలుసు కిందికి దిగుతుంది. అడిగేది రాజకొడుకు, సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం గడ్డిమేటు, ఆవు, పశువులు కాసే పాలేరు, అవ్వ, పిల్లాడు. తల వంచనిది చీమ ఒక్కటే. తన పుట్ట జోలికొస్తే కుట్టానంటుంది, అంతే! ఈ పాలేరు ఏ పేట మనిషో బొమ్మలేసేవాళ్లు ఆలోచించారా?

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివర బెనే ఎఫ్రాయిమ్ యూదులమని చెప్పుకుని పస్కా ఆచరిస్తున్నాయి. వాళ్ల పిల్లలకి రెండు గొలుసులూ సొంతమే. 2008లో అన్వేషి తెచ్చిన పిల్లల పుస్తకాల్లో గోగు శ్యామల దళిత పిల్లల కథలు చెప్పింది. కొల్లేటి పాట ఇంకా ఆ దారి పట్టాలి. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు పేదల సొసైటీల గట్లూ తెగాయి. చేప ఎందుకు ఎండలేదని ఆ పల్లెల పిల్లల్ని అడిగితే గడ్డిమేటు దగ్గర మొదలుపెట్టరు.