వివరాల చోరీకి లెక్కలు అంతంతే

ఫేస్‌బుక్‌లోని ఫొటో, పేరు తీసుకుని నకిలీ ఖాతా తెరిచి, బంధుమిత్రులను డబ్బు అడిగే మోసాలు పల్లెలకూ పాకాయి. వీటి సంఖ్య ఎంతన్నది మాత్రం తేలడం లేదు. 2008 సవరణతో ఐటీ చట్టంలో చేరిన 66సి సెక్షన్ గుర్తింపు చౌర్యానికి, 66డి మారుపేరు మోసానికి వర్తిస్తాయి. రెండింటికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో సైబర్ కేసులు 2022లో 65,893 కాగా, 2023లో 86,420కి చేరాయి. 2022లో 15,297 కేసులతో తెలంగాణ ప్రథమ స్థానంలో నిలిచింది. అంతమాత్రాన నేరాలు ఇక్కడే అధికమని తేల్చరాదు. ఫిర్యాదును కేసుగా నమోదు చేసే ఠాణాలున్న చోట అంకె పెరగడం సహజం.

ఒకే ఎఫ్‌ఐఆర్‌లో పలు నేరాలున్నా, అధిక శిక్ష గల నేరం కిందనే లెక్కించడం ఈ సంస్థ పద్ధతి. అందువల్ల చిన్న శిక్ష గల వివరాల చోరీ మరుగున పడే అవకాశముంది. నేరోద్దేశాన్ని మోసం, బెదిరింపు వసూళ్లు, కక్ష అంటూ విభజిస్తున్నా, నిందితునికి వివరాలు ఎక్కడ దొరికాయన్నది ఆ విభజనలో కానరాదు.

1930కు ఫోను చేస్తే సొమ్మును నిలుపుదల చేసే వీలుంది గానీ, ఆ ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్‌గా మారితేనే ఈ లెక్కల్లోకి ఎక్కుతుంది. ఎఫ్‌ఐఆర్ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వవలసి ఉంటుంది. అందులో ఏయే సెక్షన్లు పెట్టారో అక్కడే చూసుకోవచ్చు.