గోడ దాటిన సంభాషణము

టెలిఫోను మన యిండ్లలో ప్రవేశించిన తొలి దినములలో దానికొక నియతస్థాన ముండెడిది. ముందుగదిలో గోడప్రక్కన చిన్న స్టాండు, దానిపై లేసుగుడ్డ, ఆ గుడ్డపై నల్లని ఫోను. మాటాడదలచినవాడు దానికడకు పోవలసినదే కాని అది వానికడకు వచ్చునది కాదు. ఇంటిల్లిపాదియు వినుచుండగా మాటాడవలసివచ్చుటచేత ఆనాటివారికి ఫోనులో మితభాషిత్వము దానంతట అదియే అలవడెను. కార్డ్‌లెస్ ఫోను ఈ కట్టు తెంచినది. అయితే దానిని కొనబోవువారు అంగడిలో మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎంత దూరము పనిచేయును?" అనునదియే, "మన మాట ఇంకెవరికి వినబడును?" అని అడిగినవారు అరుదు. ఈ యుపకరణపు చరిత్రలో అధికభాగము, అడుగని యా రెండవ ప్రశ్నకు ఆలస్యముగా వెదకిన సమాధానమే యని నాకు తోచుచున్నది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రమువాడును, రేడియోవిద్యయందు ఔత్సాహికుడును అగు జార్జి స్వైగర్ట్, ఏకకాలమున మాటాడుటకును వినుటకును వీలగు తీగలేని టెలిఫోనునకు 1969లో పేటెంటు పొందెను. కాని యా యూహ సరకై అంగళ్లకెక్కి గృహస్థుల చేతికందుటకు ఇంచుమించు 1980 వరకు పట్టినది. తొలి సెట్లలో బేసునుండి హ్యాండ్‌సెట్టునకు మాట 1.7 మెగాహెర్ట్‌జ్ తరంగముపైనను, తిరుగుమాట 49 మెగాహెర్ట్‌జ్ తరంగముపైనను పోవుచుండెను. మొదటిదానికి ఇంటి కరెంటు తీగలే ఏంటెనా యగుటచేత, మోటారు వేసినను ట్యూబులైటు వెలిగించినను దాని గురగుర చెవిలో వినబడెడిది. పిదప 46, 49 మెగాహెర్ట్‌జ్ పరిధులలో పది చానెళ్లు కేటాయించిరి. పేటకంతటికిని పదే దారులు! ప్రక్కయింటి హ్యాండ్‌సెట్టు మన చానెలుపై నున్నచో, వారు మీట నొక్కగనే మన డయల్‌టోను వారి చెవిని బడును. వారు చేసిన కాలు మన బిల్లునకెక్కును. దీనికి విరుగుడుగా, బేసును హ్యాండ్‌సెట్టును ఒకదాని నొకటి గుర్తుపట్టుటకు ఒక రహస్యసంఖ్యను కూర్చిరి. అది దొంగకాలు నాపినదే కాని దొంగచెవి నాపలేదు. పసిబిడ్డల గదిలో నుంచు బేబీ మానిటరులు సైతము ఆ 49 మెగాహెర్ట్‌జ్ పరిధిలోనివే కావున, బిడ్డ యేడ్పు వినుటకై తెచ్చిన పెట్టెలో పొరుగువారి యింటిగుట్టు వినవచ్చుచుండెను. ఇంతకంటె విచిత్రమేమనగా, తంత్రీసంభాషణముల రహస్యమును కాపాడుటకై 1986లో ఆ దేశమువారు చేసిన చట్టము, హ్యాండ్‌సెట్టునకును బేసునకును నడుమ గాలిలో నడచు మాటను మాత్రము తన రక్షణనుండి బుద్ధిపూర్వకముగ తప్పించినది. ఆ లోపమును 1994లో గాని సవరింపలేదు.

అటుపిమ్మట వర్తకులకు అంకెల పిచ్చి పట్టినది. 900 మెగాహెర్ట్‌జ్, 2.4 గిగాహెర్ట్‌జ్, 5.8 గిగాహెర్ట్‌జ్ అని పెట్టెపై అంకె పెరిగినకొలది వస్తువు మేలైనదని కొనువారు భ్రమించిరి. తరంగముల పౌనఃపున్యము హెచ్చినకొలది గోడలను దాటు శక్తి తగ్గునని గాని, 2.4 వద్ద వంటింటి మైక్రోవేవ్ పొయ్యియు వైఫైయు పోటీకి వచ్చునని గాని అమ్మువారెవ్వరును చెప్పరైరి.

ఐరోపావారు వేరొక త్రోవ తొక్కిరి. 1992లో ఏర్పడిన డెక్ట్ అను ప్రమాణము 1880 నుండి 1900 మెగాహెర్ట్‌జ్ వరకు గల పరిధిని పది వాహకతరంగములుగా విభజించి, ఒక్కొక్కదానిపై సెకనులో నూరవవంతు కాలమును ఇరువదినాలుగు తునకలుగా కోసి, రాకకు పన్నెండు, పోకకు పన్నెండు వినియోగించినది. నూటయిరువది జోడుదారులలో నిర్మలమైనదానిని సెట్టు తానే యెంచుకొనును. ఇదే ప్రమాణము నాధారముగా చేసికొని మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా ప్రభృతులు కార్‌డెక్ట్ అను పద్ధతిని రూపొందించి, రాగితీగకు బదులుగా పది కిలోమీటర్ల దూరమువరకు గాలిలోనే ఫోనులైనును, దానితోపాటు ఇంటర్నెట్టును గ్రామములకు చేర్చ యత్నించిరి. ఇంటిలోని నాలుగు గోడల కొరకు పుట్టిన విద్య పొలిమేర దాటిన యుదంతము మనవారిదేయగుట సంతోషకరము.

క్రింద దుకాణమును మేడమీద కాపురమును గల చిన్న వర్తకునకు డెక్ట్ చేసిన యుపకారము వేరు. అంతకుముందు అతడు పారలల్ ఫోను పెట్టించుకొనెడివాడు. గల్లాపెట్టె కడ బాకీసంగతులు మాటాడుచుండగా మేడపై ఎవరో రిసీవరెత్తి అంతయు వినుటయో, నడుమ దగ్గుటయో జరుగుచుండెను. ఒకే బేసునకు నాలుగైదు హ్యాండ్‌సెట్లు కలిపిన పద్ధతిలో, ఒకటి లైనుపై నుండగా సాధారణముగ తక్కినవి దూరజాలవు; గోదాములోని గుమాస్తాను పిలుచుటకు ఇంటర్‌కం ఖర్చులేకయే లభించును. అయితే పాత ఫోనునకు ఎక్స్ఛేంజి బ్యాటరీలనుండి 48 వోల్టుల కరెంటు లైనుమీదుగనే వచ్చుచుండుటచేత, వేసవికాలపు కోతలలో సైతము అది మ్రోగెడిది. కార్డ్‌లెస్ బేసు కరెంటు పోయిన తక్షణమే మూగవోవును. ఫైబరు లైనులు వచ్చినతరువాత త్రాడుఫోనునకును ఆ గొప్ప పోయినది. గోడకు బిగించిన ఫైబరుపెట్టెకు ఇన్వర్టరు కనెక్షను లేనిచో రెండును మూగవే.

డెక్ట్‌లో మాటను గుప్తీకరించు ఏర్పాటు మొదటినుండియు కలదు. కాని 2008 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కంప్యూటరు నిపుణుల సమావేశమున కొందరు పరిశోధకులు, చవకయైన ల్యాప్‌టాప్ కార్డొకటి పెట్టుకొని ఈ ఫోనులను వినవచ్చునని ప్రదర్శించిరి. అనేక బేసులలో ఆ గుప్తీకరణమును ఉపయోగించుటయే లేదని తేలినది. తయారీదారులు మేల్కొని భద్రతానియమములను బిగించిరి. పాత సెట్లకు మాత్రము ఆ మార్పు తగులలేదు. మూడేండ్లకో నాలుగేండ్లకో రెండు బ్యాటరీలు మార్చినచో అవి మరల పనిచేయును గనుక, వానిని మార్చవలెనన్న తలంపు యజమానులకు సులభముగ రాదు.