ఉత్తీర్ణత శాతం ఎవరిని లెక్కిస్తోంది?

2025 పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఆంధ్రప్రదేశ్ ఉత్తీర్ణత 81.14 శాతం. పార్వతీపురం మన్యం జిల్లా 93.90తో మొదట నిలిస్తే, అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో చివరికి చేరింది. రెండూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏజెన్సీ జిల్లాలే. ఫలితాల రోజున ఈ అంకెలను బడుల పనితీరుగా చదువుతారు. వాటిలో బడి పాలు ఎంత, పిల్లల ఇంటి పరిస్థితుల పాలు ఎంత అన్నది విడదీయకుండా ఆ మాట అనకూడదని నా వాదన.

ముందు పిల్లలను చూద్దాం. 2022 సరిహద్దుల ప్రకారం అల్లూరి జిల్లా జనాభాలో ఐదింట నాలుగు వంతులకు పైగా గిరిజనులు. మన్యం జిల్లాలో పావు వంతుకు కాస్త ఎక్కువ. పాడేరు, అరకు వైపు చాలా ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. 2025లో రాష్ట్రవ్యాప్తంగా పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఇంగ్లిష్ మీడియంలోనే పరీక్ష రాశారు. పైగా పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వచ్చిన తొలి ఏడాది అది. ఇంట్లో కువి, బడిలో తెలుగు, జవాబుపత్రంలో ఇంగ్లిష్: ఆ పిల్లవాడు దాటాల్సిన దూరాన్ని మార్కుల పట్టిక ఎక్కడా చూపదు.

అలాగని కులమూ భాషా చెప్పి చేతులు దులుపుకోవడం ఇంకా పెద్ద తప్పు. గిరిజన విద్యార్థులు గణనీయంగా ఉన్న మన్యం జిల్లా 2023, 2024, 2025 వరుసగా మూడేళ్లు మొదటి స్థానంలో ఉంది. పిల్లల నేపథ్యమే సర్వం అయితే ఇది జరగదు.

ఈ చిక్కును పరిశోధకులు ఒకసారి మన నేల మీదే విప్పారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 2008లో మొదలైన వోచర్ల ప్రయోగంలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లల్లో కొందరికి లాటరీ ద్వారా ప్రైవేటు బడి అవకాశం దక్కింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగేళ్ల తరవాత లాటరీ తగిలినవారికీ తగలనివారికీ తెలుగు, గణితాల్లో తేడా లేదు. హిందీలో మాత్రం తగిలినవారు ముందున్నారు. మామూలుగా రెండు రకాల బడుల మధ్య కనబడే అంతరంలో ఎక్కువ భాగం పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ప్రాథమిక స్థాయి ఫలితాన్ని ఉన్నత పాఠశాలకు యథాతథంగా అన్వయించలేం. పోల్చే పద్ధతిని మాత్రం తప్పక తీసుకోవచ్చు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఉత్తీర్ణత శాతం లెక్కలోని హారం. ఒక జెడ్పీ హైస్కూలు ఎనిమిదో తరగతిలో 40 మంది ఉన్నారనుకుందాం. మధ్యలో 12 మంది పత్తి చేలకో పెళ్లిళ్లకో వెళ్లిపోయారు. మిగిలిన 28 మందిలో 27 మంది పాసైతే ఫలితం 96 శాతం. పక్క ఊరి హెచ్‌ఎం ఇల్లిల్లూ తిరిగి 40 మందినీ నిలుపుకొని, 32 మందిని గట్టెక్కిస్తే వచ్చేది 80 శాతమే. పత్రికలో పేరు మొదటి బడిది. మొదలుపెట్టిన పిల్లల లెక్కన చూస్తే దాని ఫలితం 67.5 శాతం.

హాజరైనవారి మీద కాక, రెండేళ్ల కిందట ఎనిమిదిలో ఉన్న పిల్లల మీద ఉత్తీర్ణత కట్టాలి. దాని పక్కనే తల్లి చదువు, ఇంటి భాష, వలస నెలలు నమోదు కావాలి. వరుసగా మూడేళ్లు ముందున్న మన్యాన్నీ, అట్టడుగున నిలిచిన అల్లూరినీ అప్పుడు ఒకే కొలతతో చూడగలం.