బంగారు గనుల సీమలో పాత ఇండ్లు, వాని మరమ్మతులు

కోలారు బంగారు గనులను గూర్చి వ్రాసినవారందరు భూమి లోపలి సంగతులనే విస్తరించి వ్రాసిరి. గని ఎంత లోతు, అందుండి ఎంత బంగారము పైకి వచ్చినది, ఏ దొర ఏ సంవత్సరమున అనుమతి పొందెను, ఇవన్నియు పలుమారులు అచ్చయిన విషయములే. ఆ గనుల మీదను, వాని చుట్టుప్రక్కలను నూరేండ్లకు పైగా మనవారు కాపురములు చేసిన ఇండ్లను గూర్చి వ్రాసినవారు మాత్రము అరుదు. గోడ బీటవారినపుడు ఏమి చేసిరి, కప్పు కురిసినపుడు ఎవరిని పిలిచిరి అను ప్రశ్నలు చరిత్రకారులకు అల్పములుగా తోచవచ్చును. మా బోటి గుమాస్తాలకు అట్లు తోచవు. మేమును మా గృహిణియు రాబర్ట్‌సన్‌పేటలోని ఒక పాత యింట నలువది సంవత్సరములకు మించి కాపురము చేసి, ఏటేట దానికి ఏదో యొక మరమ్మతు చేయించుచు వచ్చినవారము. ఆ అనుభవమే ఈ వ్యాసమునకు మాకు గల అర్హత.

1873లో లావెల్ అను ఐరిష్ మాజీ సైనికుడు త్రవ్వుటకు అనుమతి కోరుటయు, 1880 నుండి జాన్ టేలర్ కంపెనీవారు గనుల నిర్వహణమును చేపట్టుటయు పాఠకులకు విదితమే. బంగారు జీడి దొరకినదను వార్త వ్యాపించిన పిమ్మట ఉత్తర ఆర్కాటు, సేలము సీమలనుండి జనము వచ్చి చేరెను. నేటి చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. అందుచేత చిత్తూరు, పలమనేరు ప్రాంతములనుండి నడచి వచ్చిన మన తెలుగువారు ఆనాటి లెక్కలలో ఉత్తర ఆర్కాటు వారుగనే కనబడుదురు. కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాల పల్లెలలో తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబము లుండనే యుండెను. వచ్చినవారికి భాష కొత్త కాలేదు. ఇల్లు మాత్రము కొత్తది.

గని కూలీలకు మొదట దొరకినవి తట్టి ఇండ్లు. వెదురు తడికలే గోడలు. పైన గడ్డి, తరువాతి కాలమున రేకు. ఒక్కటే గది, అందే వంట, అందే పడక. వానకు తడిక నాని క్రుళ్ళెడిది, ఎండకు ఎండి విరిగెడిది, పొయ్యి నిప్పురవ్వ ఎగిరినచో వరుస వరుసయే బూడిద యయ్యెడిది. అట్టి యింటికి మరమ్మతనగా పాత తడిక విప్పి కొత్త తడిక కట్టుటయే. మట్టియు పేడయు కలిపి తడికకు మెత్తెడి పని ఆడవారిది. మగవాడు షిఫ్టు దిగి వచ్చి, నిద్రకు ముందు త్రాడు బిగించుట యొక్కటే చేయగలిగెడివాడు. కాలక్రమమున ఇటుక గోడలతో, పెంకు కప్పులతో వరుస ఇండ్లు వెలసినవి గాని, పెద్దల నోట తట్టి ఇల్లను మాట చాలకాలము నిలిచినది.

దొరల బంగళాలకును, ఉద్యోగుల ఇండ్లకును మంగళూరు పెంకు వచ్చెను. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో పెంకుల కార్ఖానా స్థాపించిన తరువాత ఈ పెంకు దక్షిణ దేశమంతట వ్యాపించెను. 1894లో బంగారుపేటనుండి గనులకు రైలు మార్గము పడుటతో బరువైన సామాను తెచ్చుట సులభమయ్యెను. 1902లో శివసముద్రమునుండి 92 మైళ్ళ తీగల మీద విద్యుత్తు గనులకు చేరెను. ఆ విద్యుత్తు ముందుగా యంత్రములకు, పిదప బంగళాలకు వెలుగు నిచ్చెను గాని, కూలీల వరుసలలో కిరసనాయిలు బుడ్డి చాలకాలము చెక్కు చెదరలేదు.

మేమున్న పేట పుట్టుకకు కారణము వ్యాధి యని చెప్పిన కొందరు నమ్మరు. 1898లో ప్లేగు మైసూరు సంస్థానమున ప్రవేశించినది. ఇరుకైన బస్తీలలో జనమును అట్లే వదలుట ప్రమాదమని తెలిసి, వెడల్పైన సూటి వీధులతో కొత్త పేటను ఏర్పరచి, ఆనాటి రెసిడెంటు సర్ డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు పెట్టిరి. వర్తకులు, గుమాస్తాలు, గనులకు సరకులు అందించు గుత్తేదారులు ఇచట సొంత ఇండ్లు కట్టుకొనిరి. మా తాతగారు కొనిన ఇల్లు ఇట్టివానిలో నొకటి. ముందు పంచ, నడుమ తొట్టి, వెనుక వంటయిల్లు, ఆపైన బావి. ముందు గదులకు పెంకు, నడిమింటికి మద్రాసు టెర్రసు, వంటయింటికి రాతి బండల కప్పు. ఒకే యింటికి మూడు విధముల కప్పు లేల యని అడిగినవారికి, డబ్బు వచ్చినకొలది కట్టిరని చెప్పుటకన్న వేరు సమాధానము లేదు.

ఈ మూడు కప్పులకును మూడు వైద్యములు. పెంకు కప్పునకు శత్రువు కోతి. ఒక్క పెంకు జరిగినను వాన నీరు దంతెకు చేరును. తడిసిన దంతెకు చెద పట్టును. చెద పట్టిన దంతె ఒకనాడు వంగును. కనుక వానకాలమునకు ముందు ఒకమారు, కోతుల మంద వచ్చిపోయిన ప్రతిమారు, పెంకులు సర్దింపవలెను. మద్రాసు టెర్రసు సంగతి వేరు. టేకు దూలములమీద ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి, సున్నమున అతికి, దానిపై ఇటుక ముక్కల సున్నపు కంకర పరచి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చల్లుచు ఆడవారు వరుసగా కూర్చుండి చెక్క బద్దలతో దినముల తరబడి కొట్టెడివారు. ఆ కొట్టుడుకు పాటలుండెడివని మా నాయనమ్మ చెప్పెడిది. అట్లు కట్టిన కప్పు దూలము చెడనంతవరకు చెడదు.

రాతి బండల కప్పు కోలారు సీమకు సొంతము. ఇచట చెట్టుకన్న గుట్ట ఎక్కువ. తెలుగు మాటలాడు వడ్డెరవారు బండపై నిప్పు పేర్చి, వేడిచే పైపొర లేచునట్లు చేసి, పలకలుగా చీల్చెడివారు. బండపై సుత్తి తట్టి, ఆ మ్రోతనుబట్టి లోపల పొర విడినదో లేదో చెప్పెడివారు. కళాశాలలో చదువని శాస్త్ర మది. ఆ బండలే గోడ, ఆ బండలే కప్పు, పొలము గట్టున నిలువు కంచె కూడ ఆ బండలే. కడప, అనంతపురము ప్రాంతములలో మట్టి మిద్దెలపై ఏటేట చౌడు పరచెడి ఆచారమున్నది గదా! అచటివారు మా ఇంటికి వచ్చినపుడు, చౌడు లేని కప్పు కురియదా యని ఆశ్చర్యపడెడివారు. బండ కురియదు, బండల సందు కురియును. సందులో పాత సున్నమును ఉలితో తవ్వి, దుమ్ము కడిగి, ఇటుక పొడి కలిపిన సున్నము కూరి, వారము దినములు తడి ఆరనీయక ఉంచినచో పదేండ్లకు దిగులు లేదు.

ఇవి ఎచటి పాత ఇంటికైన నుండెడి బాధలే. గనుల సీమకు ప్రత్యేకమైన బాధ యొకటి గలదు. పదివేల అడుగులకు మించిన లోతున రాయిని తొలచినపుడు, చుట్టునున్న రాతిపై నొత్తిడి పెరిగి, ఒక్క పెట్టున అది పగులును. దానినే రాక్ బరస్టు అందురు. లోపల నున్నవానికి అది ప్రాణాపాయము. పైన నున్న మాకు అది కిటికీల గలగల. అర్ధరాత్రి ఇల్లు ఒకమారు ఉలికిపడెడిది, అటకపై ఇత్తడి చెంబులు ఒకదాని నొకటి తాకెడివి, వీధిలో కుక్కలు మొరిగెడివి. పిమ్మట గొప్ప నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దములో ప్రతి యింట ఆడవారు లేచి కూర్చుండి, ఏ షాఫ్టులోనో, తమవారి షిఫ్టు ఏదో అని లెక్క వేసికొనెడివారు. అట్టి రాత్రులందు గోడ బీటను గూర్చి ఎవరును ఆలోచింపరు. బీట తెల్లవారిన తరువాతి సంగతి.

తెల్లవారిన తరువాత మేము చేసిన పని యొకటి చెప్పవలెను. బీట రెండు కొసలయందును పెన్సిలుతో అడ్డగీత గీసి ప్రక్కన తేదీ వ్రాసెడివారము. బీట గీతను దాటినచో పెరుగుచున్నదని గుర్తు, దాటనిచో పూడ్చవచ్చును. పెరుగుచున్న బీటను పూడ్చుట వృథా. "ఆఫీసులో చాలక ఇంటి గోడను కూడ రిజిస్టరు చేసినారే!" యని మా గృహిణి పరిహసించెడిది గాని, సున్నము కొట్టించునపుడెల్ల ఆ గీతలను విడిచి కొట్టుమని కూలివానికి చెప్పెడిది ఆమెయే. పడమటి గోడపై 1980ల నాటి తేదీలు నేటికిని చదువవచ్చును. అటకల అంచున చెంబులు జారకుండ సన్నని చెక్క బద్ద కొట్టించుట ఆమె తలపే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి, నీరు తోడు యంత్రములు ఆగి, లోపల నీరు నిండిన తరువాత కూడ భూమి కదలుట ఒక్కమారుగా మానలేదు. అందుచే బద్దలు ఊడదీయలేదు.

సిమెంటును గూర్చి మా అభిప్రాయము కొందరికి నచ్చకపోవచ్చును. పాత సున్నపు గోడ తడిని పీల్చి మరల విడుచును. దానిపై గట్టి సిమెంటు పూత పూసినచో, లోని తడికి దారి లేక పూత వెనుక నిలిచి, ఉప్పు పొంగి, పూత పలకలు పలకలుగా ఊడిపడును. మా వీధిలో నొక యింటికి ఇట్లే జరిగినది. రెండు వానకాలములు గడువకమునుపే గోడ వ్రేలితో తట్టిన డొల్ల పలికెను. మేస్త్రి సిమెంటు తక్కువైనదని మరింత పూసెను! సున్నమునకు ఓపిక కావలెను, సిమెంటునకు తొందర చాలును. నేటి కాలమున ఏది దొరకునో చెప్ప నక్కరలేదు.

ఇచటి మరమ్మతు పనిలో భాషల కలయిక యొక వినోదము. మేస్త్రిని కొత్తనారని తమిళమున పిలుతుము. గోడ పూతను కన్నడిగులు గారె యందురు, మనము గార యందుము. కూలి బేరము తెలుగున సాగును. పని చెడినపుడు మాత్రము ఎవరి భాషలో వారు తిట్టుకొందురు.

నీటి మాట యొకటి చెప్పి అసలు సంగతికి వత్తుము. గనులకు నీరు పాలారు మీది బేతమంగళము చెరువునుండి వచ్చెడిది. ఆ చెరువు నిండిన సంవత్సరము గోడలు తడుపుటకు నీరుండెడిది. ఎండిన సంవత్సరము మరమ్మతు వాయిదా. తరువాత జిల్లా అంతటను బోరుబావులు వేయి అడుగులను దాటి పోయినవి. 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుచున్నారు. తొట్టిలో పడిన వాన నీటిని కుండలకు పట్టు పాత అలవాటును మా యింట మానలేదు.

1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము గనులను చేపట్టినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడినది. యజమాని మారినను ఇంట నున్న కూలీ అట్లే యుండెను. గనులు మూతపడిన తరువాత వేల కుటుంబములు ఆ వరుస ఇండ్లలోనే ఉండిపోయినవి. జీతము లేదు, ఇల్లు తనదో కాదో తెలియదు. కప్పు కురియుచున్నది. తనది కాని కప్పునకు ఎవడు డబ్బు పెట్టును? పెట్టనిచో పిల్లల తలపై నీరు కారును. కొందరు అప్పుచేసి రేకులు మార్చిరి. కొందరు టార్పాలిను పరచి రాళ్ళు పెట్టిరి. ఖాళీ బంగళాల తలుపులు, కిటికీలు, ఇనుప కమ్ములు రాత్రికి రాత్రి మాయమైనవి. మేము సొంత యింటిలో నున్నవారము గనుక ఆ బాధ మాకు లేకుండెను గాని, మా స్నేహితులలో అనేకుల కున్నది. వారిలో ఒకాయన ఇరువది సంవత్సరములు "ఈ ఏడాది తేలును" అనుచు గోడకు సున్నము కూడ వేయింపక, వేయింపకయే కాలము చేసెను.

మా బాధ వేరు. పిల్లలు బెంగుళూరున స్థిరపడిరి. ఈ ఊరి నుండి వేలమంది ప్రతిదినము తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికిపోయి రాత్రికి తిరిగివత్తురు. పిల్లలు కొంతకాలము అట్లు తిరిగి, విసిగి, అచటనే ఉండిపోయిరి. ఇల్లు అమ్మి రమ్మందురు. కొనువాడు ఇంటిని కొనడు, స్థలమును కొనును. మరునాడే పడగొట్టి మూడంతస్తులు లేపును. వారి మాటలో న్యాయము లేకపోలేదు. ఇద్దరు ముసలివారికి మూడు కప్పులు, మూడు వైద్యములు! మేము నిచ్చెన యెక్కుట మానితిమి. మా గృహిణి క్రింద నిలిచి చేతికర్రతో దూలములను తట్టి, ఏది గట్టిగా పలికినది, ఏది డొల్లగా పలికినది చెప్పును. ఆమె చెవి తప్పదు. గత సంవత్సరము ఆమె చెప్పిన దూలమును విప్పి చూడగా లోపల చెద పుట్టయే యున్నది.

ఆలోచించి, అమ్మరాదని ఇద్దరమును నిశ్చయించితిమి. కారణములు పిల్లలకు చెప్పి ఒప్పింపలేదు. వంటయింటి కప్పు సందులు తవ్వించుటకు మేస్త్రిని పిలిచితిమి. సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రి కంటిచూపు తగ్గి ఇల్లు కదలడు. ఆయన కుమారుడు బెంగుళూరులో కాంక్రీటు పని చేయుచు ఆదివారమున మాత్రమే ఊర నుండును. కుమారుడు కప్పుపై నుండి చేయుటయు, తండ్రి తొట్టిలో కుర్చీ వేసికొని ఉలి చప్పుడు విని చెప్పుటయు అని ఏర్పాటు. నాలుగు ఆదివారముల పని. ఇటుక పొడి జల్లించి మూటకట్టి యుంచితిమి, సున్నము పెరటి గుంటలో నానుచున్నది.