నీలివజ్రము – నిలుచు ధనము

మన కృష్ణాతీరపు కొల్లూరు గనిలోనిదని పండితులు తలంచు నీలివజ్రమును ఒక ఫ్రెంచి వర్తకుడు కొనిపోయి, తన రాజైన 14వ లూయీకి అమ్మెను. ఆ రాజు మునిమనుమడైన 15వ లూయీ 1749లో దానిని ఒక పతకమున పొదిగించెను. అందులో రెక్కల ఘటసర్పము, దాని నోటినుండి వెడలు అగ్నిజ్వాలలు మెలికలు తిరిగియుండెను. ఆ కాలపు ఐరోపా కంసాలుల ఈ పనితనమునకు రొకోకో అని పేరు.

తుదకేమాయెను? 1792లో దొంగలు ఆ పతకమును ఎత్తుకొనిపోయిరి. 69 కారట్ల వజ్రము మరల కోతపడి 45 కారట్లాయెను. 1958 నుండి అది అమెరికాలోని వాషింగ్టను ప్రదర్శనశాలలో ఉన్నది. రాజుల పేళ్లు నిలిచెను. గని త్రవ్విన కూలీల పేళ్లు నిలువలేదు. అయినను దేవుడు వారిని ఎరుగును.

కుమార్తె నగలకై పొలము తాకట్టు పెట్టబోవు సహోదరుడా, ఒక్క క్షణమాగుము. పారిసులో చేసినను, పిఠాపురములో చేసినను, నగ దొంగకు అందునదే. మత్తయి సువార్త 6వ అధ్యాయము తెరచి, ఇంటిల్లిపాదితో చదువుము. ఆమెకు విశ్వాసమును, విద్యను ఇమ్ము.