ఫిలేమోను పత్రిక: బైబిల్‌లో స్వేచ్ఛ, మాట తీరు కలిసిన చోటు

బైబిల్ కొత్త నిబంధనలో పౌలు పేరుతో ఉన్న పత్రికలన్నిటిలో చిన్నది ఫిలేమోనుకు రాసిన పత్రిక. ఒకే అధ్యాయం, 25 వచనాలు. చదవడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ ఆ పత్రిక మీద ఒక బానిస బతుకు ఆధారపడి ఉంది.

నేపథ్యం

ఒనేసిము అనే బానిస యజమాని ఫిలేమోనుకు దూరమై, ఖైదులో ఉన్న పౌలు దగ్గర క్రైస్తవుడయ్యాడు. అతడు పారిపోయి వచ్చాడని సంప్రదాయ వ్యాఖ్యానం. పత్రికలో ఆ మాట నేరుగా లేదు. పౌలు ఉన్నది రోమా చెరలోనని చాలామంది, ఎఫెసులోనని కొందరు పండితులు అంటారు. అప్పటి రోమన్ చట్టంలో బానిస యజమాని ఆస్తి. పారిపోయి దొరికితే కొరడా దెబ్బలు, ముఖం మీద వాతలు కూడా తప్పకపోవచ్చు. అలాంటి మనిషిని పౌలు తిరిగి యజమాని దగ్గరికే పంపుతూ ఈ పత్రిక రాశాడు.

స్వేచ్ఛ అంటే ఏమిటి?

గలతీయులకు రాసిన పత్రికలో పౌలు స్వేచ్ఛను గట్టిగా ప్రకటిస్తాడు. క్రీస్తునందు దాసుడు, స్వతంత్రుడు అనే తేడా లేదంటాడు. అయితే ఆ స్వేచ్ఛ ఇష్టారాజ్యం కాదు. ప్రేమతో ఒకరికొకరు సేవ చేసుకోవడానికి వచ్చినదని 5వ అధ్యాయంలో వివరిస్తాడు. ఆ వెంటనే, ఒకరినొకరు కరుచుకుంటూ పోతే అందరూ నాశనమవుతారని హెచ్చరిస్తాడు. విడుదల పొందినవారి మాట, నడత ఎలా ఉండాలన్నది అక్కడే తేలుతుంది.

ఉప్పు వేసిన మాట

కొలొస్సయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో మాటకు రెండు గుణాలు చెప్పారు: కృప, ఉప్పు. కృప అంటే ఎదుటివాడి అర్హతను లెక్కగట్టకుండా చూపే దయ. ఉప్పు రుచినిస్తుంది, పాడవకుండా కాపాడుతుంది. అంటే మాట మెత్తగా ఉంటే చాలదు, అందులో సారం కూడా ఉండాలి. ఈ సలహా తర్వాత మూడు వచనాలకే అదే అధ్యాయంలో ఒనేసిము పేరు వస్తుంది.

పత్రికలో ఆచరణ

ఆజ్ఞాపించే అధికారం తనకుందని పౌలు ముందే గుర్తు చేస్తాడు. అయినా ప్రేమను బట్టి వేడుకుంటున్నానంటాడు. ఫిలేమోను చేసే మేలు బలవంతం మీద కాక మనస్ఫూర్తిగా జరగాలన్నది ఆయన ఉద్దేశం. యజమాని నిర్ణయ స్వేచ్ఛను కూడా ఇక్కడ గౌరవించాడు.

ఒనేసిము అంటే గ్రీకులో ఉపయోగపడేవాడు అని అర్థం. ఒకప్పుడు పనికిరానివాడు ఇప్పుడు ఇద్దరికీ పనికొస్తాడని పౌలు ఆ పేరు మీద చమత్కరిస్తాడు. ఉప్పు కూడా ఉంది. ఇక అతణ్ణి దాసుడిగా కాక సోదరుడిగా, తనను చేర్చుకున్నట్టే చేర్చుకోమంటాడు. అప్పు ఉంటే తన లెక్కలో రాయమంటాడు. ఫిలేమోనే తనకు రుణపడి ఉన్నాడని చురక వేస్తాడు. తాను రాగలనని ఆశిస్తున్నానని, బస సిద్ధం చేయమని చెబుతాడు. పైగా పత్రికను ఫిలేమోను ఇంట్లో కూడే సంఘాన్ని కూడా ఉద్దేశించి రాశాడు. కాబట్టి జవాబు నలుగురి ఎదుట చెప్పాల్సిందే.

మిగిలిన ప్రశ్న

ఒనేసిముకు విముక్తి ఇవ్వమని పౌలు సూటిగా అడగలేదు. చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తావని మాత్రం నమ్మకం వ్యక్తం చేశాడు. 19వ శతాబ్దపు అమెరికాలో ఈ లోటునే ఆసరా చేసుకుని, పారిపోయిన బానిసలను తిప్పి పంపడం సబబేనని బానిసత్వ సమర్థకులు వాదించారు. సోదరుణ్ణి ఎవరైనా ఆస్తిగా ఉంచుకుంటారా అని బానిసత్వ వ్యతిరేకులు అదే పత్రికతో ఎదురు నిలిచారు.

ఫిలేమోను ఏం చేశాడో బైబిల్ చెప్పదు. దయగల మాట అవతలి వాడికి ఆలోచించుకునే చోటు ఇస్తుంది. అయితే ఆ చోటులో న్యాయం జరగకపోతే నష్టపోయేది మాట్లాడినవాడు కాదు, ఒనేసిము లాంటివాడు. ఈ పత్రికను చదివేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.